హద్దులు రాయని మంత్రాలు: రోల్ ప్లేయింగ్ గేముల్లో ‘ఏదైనా కోరుకో’ అంటే నిజంగా ఏదైనానా?

దక్షిణ దిల్లీలో ఐఐటీ క్యాంపస్ పక్కనే ఉంటుంది జియా సరాయ్. కోచింగ్ సెంటర్లు, అద్దె గదులు, జిరాక్స్ షాపులతో కిక్కిరిసిన ఇరుకు సందులు. దేశం నలుమూలల నుంచి పరీక్షల కోసం వచ్చేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు.

అక్కడ ఒక అద్దె గదిని ఊహించుకుందాం. ఆదివారం రాత్రి నలుగురు స్నేహితులు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో కాగితాలు, పెన్సిళ్లు, కొన్ని పాచికలు. వాళ్లు ఆడుతున్నది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. కథ ప్రకారం వాళ్ల పాత్రలు ఒక కోట ముందు నిలబడి ఉన్నాయి. లోపల నిధి ఉంది, గుమ్మం దగ్గర కాపలా ఉంది. మాంత్రికుడి పాత్ర ఆడుతున్న కుర్రాడు తన దగ్గరున్న అతి పెద్ద మంత్రం బయటికి తీశాడు.

‘‘ఈ కోటలో కాపలావాళ్లే ఉండకూడదు. ఇదే నా కోరిక.’’

ఆట నడిపిస్తున్న సీనియర్ కాసేపు ఆలోచించాడు. ‘‘సరే, కాపలావాళ్లు లేరు. కోట పాడుబడి వందేళ్లయింది. మీరు వెతుక్కుంటూ వచ్చిన నిధి కూడా ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు.’’

‘‘అన్నా, ఇది అన్యాయం. నేనడిగింది అది కాదు!’’

‘‘నువ్వన్న మాట అదేరా.’’

ఇది ఊహించిన సన్నివేశమే. కానీ ఈ గొడవ మాత్రం ఊహ కాదు. ఈ తరహా ఆటలు పుట్టినప్పటి నుంచి, అంటే 50 ఏళ్లకు పైగా, వాటిని తయారుచేసేవాళ్లనూ ఆడేవాళ్లనూ వెంటాడుతున్న ప్రశ్న ఇది. ఒక మంత్రం ఏం చేయగలదో పుస్తకంలో పూర్తిగా రాయకపోతే, దాని హద్దు ఎవరు గీయాలి?

అసలు ఈ ఆట ఏమిటి?

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌కు కంప్యూటర్ అక్కర్లేదు. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉంటారు. లోకాన్ని వర్ణించేది, శత్రువుల తరఫున ఆడేది, తగాదా వస్తే తీర్పు చెప్పేది ఆ ఒక్కరే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఆ పని జరుగుతుందో లేదో సందేహం వస్తే పాచికలు వేస్తారు.

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. దాన్ని రూపొందించింది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో పిల్లలు ఆడేది ఈ ఆటే. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ నడిచేదీ ఈ ఆట నిబంధనల మీదే. అయితే వీడియో గేమ్‌కూ టేబుల్ మీద ఆటకూ ఒక పెద్ద తేడా ఉంది. వీడియో గేమ్‌లో ప్రోగ్రామర్ ముందే ఆలోచించి పెట్టిన పనులు మాత్రమే చేయగలం. టేబుల్ దగ్గర నోటితో చెప్పగలిగిన ఏ పనికైనా ప్రయత్నించవచ్చు. ఓపెన్-ఎండెడ్ మంత్రాల బలం అక్కడి నుంచే వస్తుంది, చిక్కు కూడా అక్కడి నుంచే.

రెండు రకాల మంత్రాలు

ఈ ఆటల్లోని మంత్రాలను స్థూలంగా రెండు రకాలు చేయవచ్చు.

మొదటిది కట్టుదిట్టంగా రాసిన మంత్రం. ‘ఫైర్‌బాల్’ను తీసుకుంటే, ఎంత దూరం వెళ్తుంది, ఎంత మేర కాలుస్తుంది, ఎన్ని పాచికల దెబ్బ తగులుతుంది అన్నీ పుస్తకంలోనే ఉంటాయి. పెద్దగా వాదనకు చోటుండదు. మాంత్రికుడు కొన్ని మంత్రాలను ముందే మనసులో సిద్ధం చేసుకుని, ఒక్కొక్కటీ వాడేస్తూ పోయే పద్ధతికి ప్రేరణ అమెరికన్ రచయిత జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ‘ది డయింగ్ ఎర్త్’. అందుకే ఆ పద్ధతిని ఇప్పటికీ ‘వాన్షియన్ మ్యాజిక్’ అంటారు.

రెండోది హద్దు రాయని మంత్రం. ఫలానా మాయారూపం సృష్టించవచ్చు, ఫలానా వ్యక్తిని ఒప్పించవచ్చు, ఏదైనా కోరుకోవచ్చు అని మాత్రమే ఉంటుంది. ఆ రూపం ఏమిటో, ఒప్పించే మాట ఏమిటో, కోరిక ఏమిటో ఆటగాడు నింపుకోవాలి.

ఈ రెండింటికీ మధ్య గోడ ఏమంత గట్టిది కాదు. మామూలుగా కనిపించే మంత్రంలో కూడా ఆటగాళ్లు కన్నం వెతుకుతారు. నీళ్లు పుట్టించే మంత్రమే ఉదాహరణ. ‘‘శత్రువు ఊపిరితిత్తుల్లో నీళ్లు పుట్టిస్తా’’ అని అడగని ఆటగాళ్ల బృందం అరుదు. అందుకేనేమో, 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఆ మంత్రం నీళ్లను ‘మూత లేని పాత్ర’లో గానీ, వానలా గానీ మాత్రమే పుట్టించగలదని స్పష్టంగా రాశారు. 10 గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్ల నీళ్లు వస్తాయి, కానీ గిన్నెలోనో బిందెలోనో, లేదంటే వానలానో మాత్రమే. ఆ ఒక్క షరతుతో ఒక హత్యామార్గం మూసుకుపోయింది.

నిబంధనల పుస్తకాలు ఎడిషన్ మారినకొద్దీ లావెక్కడానికి ఇదొక కారణం. కనిపెట్టిన ప్రతి కన్నానికీ ఒక వాక్యం అతుకు వేస్తూ పోవాలి.

తీర్పరికి ఇంత అధికారం ఎక్కడిది?

ఇది మాంత్రికుల ఆటతో పుట్టిన అధికారం కాదు, సైనికుల ఆట నుంచి వచ్చింది. ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణ కోసం ‘క్రీగ్‌స్పీల్’ అనే యుద్ధ క్రీడను వాడేది. 1824లో రైస్విట్జ్ అనే అధికారి దానికి పట్టికలు, పాచికలు, కొలతలతో వివరమైన నిబంధనలు రాశాడు. ఆడటం కష్టమైపోయింది. 1876లో వెర్డీ డు వెర్నోయా అనే మరో అధికారి పట్టికలను పక్కన పెట్టి, యుద్ధానుభవం ఉన్న తీర్పరి తన విచక్షణతో ఫలితం చెబితే చాలన్నాడు. దానికి ‘ఫ్రీ క్రీగ్‌స్పీల్’ అని పేరు వచ్చింది.

దాదాపు వందేళ్ల తర్వాత, 1969లో, అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ ‘బ్రాన్‌స్టైన్’ అనే ఆట నడిపించాడు. అందులో ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర. పుస్తకంలో లేని పని ఎవరైనా చేయబోతే తీర్పరే అక్కడికక్కడ తేల్చాలి. ఆ ఆటగాళ్ల బృందంలోనివాడే డేవ్ ఆర్నెసన్. కాబట్టి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుట్టేనాటికే ఈ రెండు దారులూ ఉన్నాయి. అన్నీ రాసిపెట్టడం ఒకటి, మనిషికి వదిలేయడం ఇంకొకటి.

‘విష్’: ఒకే మంత్రం, మారుతూ వచ్చిన వెల

ఓపెన్-ఎండెడ్ మంత్రాల్లో అన్నింటికన్నా పేరున్నది ‘విష్’. అంటే కోరిక. 1974 నాటి మొదటి పెట్టెలోనే మూడు కోరికలు తీర్చే ఉంగరం ఉంది. ఆ కోరికలకు పరిమిత శక్తే ఉండాలని, తీర్పరి చాలా విచక్షణతో వ్యవహరించాలని అప్పుడే హెచ్చరించారు. ‘ఇంకా కోరికలు కావాలి’ అని కోరే అత్యాశపరుడిని ఉంగరం దొరికిన క్షణానికే మళ్లీ మళ్లీ తిప్పిపంపే కాలచక్రంలో పడేయాలని సూచించారు. 1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధంతో విష్ మాంత్రికుల అత్యున్నత స్థాయి మంత్రాల్లో చేరింది.

ఆ తర్వాత ప్రతి తరం రూపకర్తలూ ఈ మంత్రానికి ఒక వెల కట్టారు.

1989 నాటి రెండో ఎడిషన్‌లో విష్ వాడితే మాంత్రికుడి వయసు ఒక్కసారిగా 5 ఏళ్లు పెరుగుతుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో కనీసం 5,000 అనుభవ పాయింట్లు పోతాయి. అంటే పాత్ర ఎదుగుదలే ఖర్చవుతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో పద్ధతి మారింది. స్థాయి 8 వరకు ఉన్న మరో మంత్రాన్ని అనుకరించడానికి విష్‌ను వాడితే ఏ ఇబ్బందీ లేదు. అంతకు మించి ఏం కోరినా మాంత్రికుడి శరీరం కుంగిపోతుంది, ఇక జీవితంలో విష్ వాడలేకపోయే ప్రమాదం 33 శాతం ఉంటుంది.

అదే ఎడిషన్‌లో సురక్షితమైన కోరికల జాబితా కూడా ఇచ్చారు. 25,000 బంగారు నాణేల విలువకు మించని వస్తువు సృష్టించడం, గాయపడ్డ 20 మందిని కోలుకునేలా చేయడం వంటివి. ఆ జాబితా దాటితే మాత్రం నిర్ణయం గేమ్ మాస్టర్‌దే. ఒక దుష్టుడు చచ్చిపోవాలని కోరుకుంటే, వాడు బతికి లేని భవిష్యత్తులోకి కోరుకున్నవాడినే తోసేయవచ్చని పుస్తకమే ఉదాహరణ ఇస్తుంది. జియా సరాయ్ గదిలో సీనియర్ చేసింది సరిగ్గా అదే పని. నిబంధన ప్రకారం అతను తప్పు చేయలేదు. కుర్రాడికి అన్యాయం జరిగిందనిపించడమూ తప్పు కాదు.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కథ కాదు

వరంలోని మాటకు, మనసులోని కోరికకు మధ్య ఉండే సందు మన పురాణ కథలకు బాగా తెలుసు. హిరణ్యకశిపుడు వరం అడిగిన తీరు లాయరు రాసిన ఒప్పందంలా ఉంటుంది. పగలూ రాత్రీ కాదు, లోపలా బయటా కాదు, మనిషీ మృగమూ కాదు అంటూ ఒక్కో కన్నం మూసుకుంటూ పోయాడు. ఎన్ని మూసినా సంధ్యవేళ, గుమ్మం, నరసింహ రూపం మిగిలాయి. భస్మాసురుడి వరంలో ‘నా తల తప్ప’ అన్న మినహాయింపు లేదు.

సావిత్రి కథ దీనికి అవతలి వైపు. భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్న యముడిని ఆమె సంతానం అడిగింది. ఇచ్చిన మాట నిలబడాలంటే సత్యవంతుడు బతకక తప్పదు. ఇక్కడ గెలిచింది అడిగినవాళ్లు. కైకేయి వరాలది ఇంకో రకం. అవి ఇచ్చిన రోజున ఏం అడుగుతుందో దశరథుడికి తెలియదు. ఎప్పుడైనా, ఏదైనా అన్నదే అక్కడ ప్రమాదం.

1951 నాటి ‘పాతాళ భైరవి’ సినిమా కూడా ఈ కోవలోదే. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి కోరిక తీరుస్తుంది. అడిగినవాడు మంచివాడా కాదా అన్నది దానికి పట్టదు. తోట రాముడు చేతిలో భవనమైన శక్తే నేపాళ మాంత్రికుడి చేతికి వెళ్లగానే ఆపద అవుతుంది.

అయితే పురాణానికీ ఆటకూ ఒక తేడా ఉంది. హిరణ్యకశిపుడు ఓడిపోవాలని కథే కోరుకుంటుంది. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు రాక్షసుడు కాదు, ఆదివారం సాయంత్రం స్నేహితులతో గడపడానికి వచ్చినవాడు. అతని ప్రతి కోరికనూ మాట పట్టుకుని తిప్పికొడితే రెండు ఫలితాలు వస్తాయి. ఒకటి, కోరికలను అరపేజీ ఒప్పందాల్లా రాయడం మొదలుపెడతాడు. రెండు, ఆ మంత్రం జోలికే పోడు.

వ్యాకరణంగా మారిన మ్యాజిక్

ఈ చిక్కుకు 1987లో ఒక భిన్నమైన పరిష్కారం వచ్చింది. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగెన్ రూపొందించిన ‘ఆర్స్ మ్యాజికా’లో మాంత్రికుడు మంత్రాన్ని వాక్యంలా కట్టుకోవచ్చు. లాటిన్ పేర్లతో 5 క్రియలు, 10 నామాలు ఉంటాయి. సృష్టించు, తెలుసుకో, మార్చు, నాశనం చెయ్యి, అదుపు చెయ్యి అన్నవి క్రియలు. జంతువు, నీరు, గాలి, శరీరం, మొక్క, నిప్పు, రూపం, మనసు, నేల, శుద్ధమంత్రశక్తి అన్నవి నామాలు. రెండూ కలిపితే 50 జతలు.

మన కోట సమస్యనే ఈ పద్ధతిలో చూద్దాం. కాపలావాళ్లను నిద్రపుచ్చాలంటే ‘అదుపు చెయ్యి’, ‘మనసు’ కలపాలి. వాళ్ల జ్ఞాపకం చెరిపేయాలంటే ‘నాశనం చెయ్యి’, ‘మనసు’. దూరం నుంచి వాళ్ల దళపతి గొంతు వినిపించాలంటే ‘సృష్టించు’, ‘రూపం’. ఎంత దూరం, ఎంతసేపు, ఎంతమంది అన్నవి పెరిగేకొద్దీ మంత్రం కష్టమవుతుంది. ముందే నేర్చుకున్న మంత్రమైతే పూర్తి బలం ఉంటుంది. అప్పటికప్పుడు కట్టిన మంత్రమైతే, 2004 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం, అలసటకు సిద్ధపడినప్పుడు బలం సగానికి, అలసట వద్దనుకుంటే ఐదో వంతుకు పడిపోతుంది.

కొన్నింటిని ఎంత శక్తి ఉన్నా చేయలేరు. చచ్చినవాళ్లను బతికించడం, గతాన్ని మార్చడం అలాంటివి. ఈ గీతలు ముందే గీసి ఉండటంతో మిగతా స్వేచ్ఛ గొడవకు దారితీయదు. ‘కాపలావాళ్లు లేకుండా పోవాలి’ అన్న కోరిక ఇక్కడ అలాగే చెల్లదు. ఏ క్రియ, ఏ నామం అన్న ప్రశ్నకు ఆటగాడే ముందు జవాబు చెప్పాలి. ఆ జవాబుతోనే అతని మనసులో ఉన్నదేమిటో అందరికీ తెలిసిపోతుంది.

లోకం ఒప్పుకోవాలి

1993లో వైట్ వుల్ఫ్ సంస్థ తెచ్చిన ‘మేజ్: ది అసెన్షన్’ మరో దారి పట్టింది. ఇందులో మంత్రాల పట్టిక బదులు మనసు, కాలం, జీవం, పదార్థం వంటి 9 శక్తి క్షేత్రాలు ఉంటాయి. వాటిలో పట్టు ఉన్నంత మేర ఏదైనా ప్రయత్నించవచ్చు. కానీ సామాన్య జనం నమ్మే లోకానికి అది ఎంత విరుద్ధంగా ఉంటే అంత ఎదురుదెబ్బ. దాన్ని ‘పారడాక్స్’ అంటారు.

అర్ధరాత్రి దాటాక కాపలావాడికి కునుకు పట్టిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి మంత్రానికి వెల తక్కువ. అదే కాపలావాడు అందరి కళ్లముందూ గాల్లో కలిసిపోతే వెల భారీగా ఉంటుంది. దీనివల్ల ఆటగాడు నమ్మదగ్గ సాకు వెతుక్కోవడం నేర్చుకుంటాడు. ఏది సహజం, ఏది వింత అన్న తీర్పు మాత్రం మళ్లీ గేమ్ మాస్టర్ దగ్గరికే వస్తుంది. ఈ ఆట ఆడేవాళ్ల మధ్య ఎక్కువ వాదనలు దాని మీదే.

వెల ముందే చెప్పే పద్ధతి

2012లో సేజ్ లటోరా, ఆడమ్ కోబెల్ తెచ్చిన ‘డంజన్ వరల్డ్’లో ‘రిచువల్’ అనే చిన్న నిబంధన ఉంది. జియా సరాయ్ తగాదాకు అన్నింటికన్నా దగ్గరి పరిష్కారం ఇదే. మాంత్రికుడు ఏదైనా శక్తిస్థలం దగ్గర నిలబడి తనకు కావలసింది చెబుతాడు. అది ఎప్పుడూ సాధ్యమే. గేమ్ మాస్టర్‌కు ‘కుదరదు’ అనే హక్కు లేదు. ఒకటి నుంచి నాలుగు షరతులు పెట్టే హక్కు ఉంది. రోజులో వారాలో నెలలో పడుతుంది, ముందు ఫలానా పని చేయాలి, ఫలానావారి సాయం కావాలి, బోలెడు డబ్బవుతుంది, నువ్వడిగినదానికన్నా తక్కువే వస్తుంది, నీకూ నీవాళ్లకూ ప్రమాదం పొంచి ఉంటుంది అన్నవి ఆ షరతుల్లో కొన్ని.

ఆ గదిలో సంభాషణ అప్పుడు ఇలా నడిచేది.

‘‘కోటలో కాపలావాళ్లు లేకుండా చేయాలన్నా.’’

‘‘చేయొచ్చురా. కానీ మూడు రాత్రులు పడుతుంది. కోట కట్టినవాడి వంశంలో ఒకరి సాయం కావాలి. అంతా చేసినా, వాళ్లు తెల్లారేదాకే కనిపించరు.’’

‘‘వంశంలోవాళ్లు ఎక్కడుంటారు?’’

మోసపోయానన్న భావన ఇక్కడ లేదు. కోరిక అలాగే ఉంది, గేమ్ మాస్టర్ అధికారమూ అలాగే ఉంది. మారింది ఒక్కటే, వెల ముందే తెలిసింది. విష్‌లో ఫలితం విన్నాక వెల తెలుస్తుంది, ఇక్కడ వెల విన్నాక ఒప్పుకోవాలో వద్దో ఆటగాడు నిర్ణయించుకుంటాడు. పైగా ఆ షరతుల్లోంచే తర్వాతి వారం కథ పుట్టింది.

తెలుగులో ఆడితే ఒక మాట ఎంత?

ఈ నిబంధనలన్నీ ఇంగ్లీషులో రాసినవి. తెలుగులో ఆడినప్పుడు కొన్ని హద్దులు తెలియకుండానే జరిగిపోతాయి.

‘కమాండ్’ అనే మంత్రాన్ని చూడండి. 2014 నిబంధనల ప్రకారం ఎదుటి ప్రాణికి ఒకే ఒక్క మాటలో ఆజ్ఞ ఇవ్వాలి. రా, పడేయ్, పారిపో, సాగిలపడు, ఆగు అన్న అర్థం వచ్చే ఐదు ఆజ్ఞలు ఉదాహరణగా ఇచ్చి, వేరే మాట వాడితే ఏం జరుగుతుందో గేమ్ మాస్టర్ తేల్చాలన్నారు. ఇంగ్లీషులో ఒక మాట అంటే చాలా ఇరుకైన హద్దు. తెలుగులో ఒక మాటలోకి ఎంతో ఇమిడిపోతుంది. ‘వెనక్కెళ్లిపో’ అన్నది ఒక మాటా, రెండా, మూడా? నోటితో ఒక్క ఊపులో వస్తుంది. ‘వదిలేసెళ్లిపో’ అంటే చేతిలో ఉన్నది పడేయడం, పారిపోవడం రెండూ అయిపోతాయి.

ఇంకో చిక్కు మర్యాదతో వస్తుంది. మామూలుగా వాడితే ఈ మంత్రం ఒక్కరి మీదే పనిచేస్తుంది. ఎదురుగా ఇద్దరు భటులు ఉన్నప్పుడు ‘ఆగండి’ అంటే అది ఒకరికి ఇచ్చిన గౌరవమా, ఇద్దరికీ ఇచ్చిన ఆజ్ఞా? ఇంగ్లీషు పుస్తకం రాసినవాళ్లకు ఈ ప్రశ్న తట్టే అవకాశమే లేదు.

2024లో సవరించిన నిబంధనల్లో కమాండ్‌ను ఆ ఐదు ఆజ్ఞలకే పరిమితం చేశారు. వాదనలు తగ్గాయి, దాంతోపాటు ఆటగాళ్ల చమత్కారానికి ఉన్న చోటూ తగ్గింది. అదే సవరణలో ‘సజెషన్’ మంత్రంతో ఎదుటివారికి చెప్పే మాటలు 25 దాటకూడదన్నారు. అంతకుముందు ‘ఒకటి రెండు వాక్యాలు’ అని ఉండేది. తెలుగులో ‘చెప్పకపోయుంటే’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి. కాబట్టి 25 తెలుగు మాటల్లో చిన్న కథే చెప్పేయవచ్చు. తెలుగులో ఆడే బృందం మాటలు లెక్కపెట్టే బదులు, ఒక ఆజ్ఞలో ఒకే పని, ఒక సూచనలో ఒకే లక్ష్యం అని పెట్టుకుంటే నిబంధన ఉద్దేశం నిలబడుతుంది.

ఎవరు నష్టపోతారు?

హద్దు రాయని మంత్రాల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా గేమ్ మాస్టర్‌కూ మాంత్రికుడికీ మధ్య పోటీనే చర్చకు వస్తుంది. అదే టేబుల్ దగ్గర కూర్చున్న మిగతావాళ్లను మరచిపోతారు.

కత్తి పట్టిన యోధుడి పాత్రకు ఏం చేయగలడో, ఎంత దెబ్బ కొట్టగలడో పుస్తకం కొలిచి ఇస్తుంది. మాంత్రికుడికి ‘ఏదైనా’ అని వదిలేస్తుంది. పాత్రలు పై స్థాయికి వెళ్లేకొద్దీ యోధుడు ఆడేవారికి చూస్తూ కూర్చోవడమే మిగులుతుందన్నది ఈ ఆట మీద చాలాకాలంగా ఉన్న విమర్శ.

రెండోది మాటకారితనం. ఫలితం మాట మీద ఆధారపడినప్పుడు బాగా మాట్లాడగలిగినవారి మంత్రం బాగా పనిచేస్తుంది. ఇంగ్లీషులో గడగడా వాదించేవాడు ఒప్పిస్తాడు. ఇంగ్లీషు తడుముకునేవాడు, కొత్తగా చేరినవాడు, నలుగురిలో మాట్లాడటానికి జంకే అమ్మాయి, గేమ్ మాస్టర్‌తో పెద్దగా పరిచయం లేనివాడు అదే మంత్రంతో తక్కువ పొందుతారు. కాగితం మీద అందరి పాత్రలకూ ఒకే బలం ఉన్నా ఆటలో ఉండదు. ఫైర్‌బాల్‌లో ఈ వివక్ష లేదు. జంకుతూ చెప్పినా అన్నే పాచికలు.

కట్టుదిట్టమైన నిబంధనలను సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇదే. నిబంధన కన్నా తీర్పు ముఖ్యమనే పాతతరహా ఆటల అభిమానులు వేరేలా చూస్తారు. మాథ్యూ ఫించ్ 2008లో రాసిన ఒక చిన్న మార్గదర్శి ఈ ధోరణికి బాగా పేరు తెచ్చింది. వాళ్ల దృష్టిలో పుస్తకం మందం పెరిగితే, పుస్తకాన్ని కంఠస్థం చేసినవాడే గెలుస్తాడు. అదీ ఒక రకం మాటకారితనమే. రెండు వైపులా నిజం ఉంది. ఎలా ఆడినా ఎవరో ఒకరికి మొగ్గు ఉంటుంది కాబట్టి, ఆ మొగ్గు ఎవరికో ముందే తెలుసుకుని సరిచేసుకోవడం ఆ బృందం పని.

ఆటకు ముందు తేల్చుకోవాల్సిన నాలుగు విషయాలు

ఇన్నేళ్ల ఆటల నుంచి బయటికి తీయగలిగిన ఆచరణ పాఠాలు కొన్నే. హద్దు రాయని మంత్రం నిబంధన లేని మంత్రం కాదు. దాని నిబంధన పుస్తకంలోంచి సంభాషణలోకి మారింది, అంతే. ఆ సంభాషణ మంత్రం వేశాక మొదలైతే తగాదా అవుతుంది. ముందే జరిగితే ఆటలో భాగమవుతుంది.

ఒకటి, ఉద్దేశం. మంత్రం మాట చెప్పాక ‘దీంతో ఏం జరగాలనుకుంటున్నావు?’ అని గేమ్ మాస్టర్ అడగాలి. మాటకూ ఉద్దేశానికీ తేడా వస్తే దేన్ని లెక్కలోకి తీసుకుంటారో బృందం ముందే ఒప్పుకోవాలి.

రెండు, వెల. పాచిక వేయకముందే ఖర్చు, ప్రమాదం చెప్పాలి. విన్నాక వెనక్కి తగ్గే అవకాశం ఇవ్వాలి. శపించిన ఉంగరం, మోసగాడైన భూతం వంటివి కథలో ఉంటే పర్వాలేదు. అక్కడ మోసం చేసేది పాత్ర, గేమ్ మాస్టర్ కాదు. ఆ తేడా ఆటగాళ్లకు తెలియాలి.

మూడు, చేయలేనివి. ‘ఆర్స్ మ్యాజికా’లో లాగా నాలుగైదు గట్టి గీతలు చాలు. తోటి ఆటగాడి పాత్రను అతని అనుమతి లేకుండా మంత్రంతో ఆడించకూడదన్నది ఆ గీతల్లో ఒకటి కావడం మంచిది.

నాలుగు, ఒకసారి ఇచ్చిన తీర్పు. ఈ వారం ఒకరికి ఒప్పుకున్నది వచ్చే వారం ఇంకొకరికీ ఒప్పుకోవాలి. దానికి ఒక నోటుబుక్కు చాలు. గట్టిగా మాట్లాడేవాడు గెలుచుకున్న వెసులుబాటు నోటుబుక్కులోకి ఎక్కితే, మాట్లాడలేనివాడికీ అది హక్కవుతుంది.

ఎలా మొదలుపెట్టాలి?

ఖరీదైన పుస్తకాలు లేకుండానే మొదలుపెట్టవచ్చు. లైసెన్సు నిబంధనల మార్పు మీద ఆటగాళ్ల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చాక, ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నిబంధనల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. సుమారు 400 పేజీల ఆ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మూలాన్ని పేర్కొని తెలుగులోకి అనువదించుకోవచ్చు కూడా. విష్, కమాండ్, సజెషన్ మూడూ అందులో ఉన్నాయి. 2024 సవరణలతో కూడిన పత్రం కూడా 2025లో ఇదే పద్ధతిలో వచ్చింది. రెండింట్లోనూ కమాండ్ మంత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివితే, హద్దు రాయని నిబంధనకు హద్దు గీయడమంటే ఏమిటో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

జియా సరాయ్ గదిలోని నలుగురికి కోట ఇంకా ఎదురుగానే ఉంది. ఆట ఆపి, కోరిక వెనక్కి తీసుకునే అవకాశమిచ్చి, ‘నీకసలు కావలసింది కాపలావాళ్లు పోవడమా, నిధి దక్కడమా?’ అని ఆ సీనియర్ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఆ రాత్రి ఆట అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది.